గల్తీ ఖానా

నాగరాజు వాళ్లమ్మ ప్రదర్శనకి వస్తోందని తెలిసిన దగ్గర్నుంచి సింధూరికి అన్నం సయించలేదు. పిలిచింది తను కాదు, గోపినాథ్ సార్. డిపార్ట్‌మెంటు మొత్తం మీద ఆయనంత మంచి మనిషి లేడు. మంచి మనుషులతో ఇదే చిక్కు. ముందు ఎవర్నీ అడగరు, చేయాల్సింది చేసేసి ఆ తరవాత నవ్వుతూ చెబుతారు.

"పొద్దున జంగ్లీఘాట్‌లో చేపలు కొనడానికి వెళ్లానమ్మా. తవిటమ్మగారు కనిపించారు. మీ అబ్బాయి కొలిచిన ఇంటి బొమ్మలు గోడకి పెడుతున్నాం, తప్పకుండా రావాలి అన్నాను. పాపం, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వస్తానన్నారు."

"అచ్ఛా సార్" అంది సింధూరి.

ప్రదర్శన ఎల్లుండి. నాలుగో షీటు అడుగున, కుడి మూల, గల్తీ ఖానాలో, అంటే తప్పులు రాసే గడిలో, నాగరాజు పేరుంది. ఆ పేరు అక్కడ ఉండకూడదు. ఆ సంగతి సింధూరికి తెలుసు, నాగరాజుకి తెలుసు. నాగరాజు జూన్‌లో పోయాడు.

ఈ ప్రదర్శన పెట్టేది పిల్లల సొసైటీ. సొసైటీ అనగానే ఏ పెద్ద భవనమో, బల్లలూ కుర్చీలూ ఊహించుకోకండి. పోర్ట్ బ్లెయిర్‌లో ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఓ పదిహేను మంది, ఒక తుప్పు బీరువా, దానికో తాళం చెవి. అంతే సొసైటీ. ఏటా దీవిలో కూలిపోబోయే పాత చెక్క ఇల్లు ఒకటి వెతికి పట్టుకోవడం, దాన్ని గది గదికీ కిటికీ కిటికీకీ కొలవడం, ట్రేసింగ్ షీట్ల మీద సిరాతో గీసి గోడకి పెట్టడం వాళ్ల పని. ఊళ్లో అందరూ దాన్ని నాప్ సొసైటీ, అంటే కొలతల సొసైటీ, అంటారు. సెక్రటరీ పదవి అంటే ఏటా అందరూ తప్పించుకు తిరుగుతారు. ఇంటివాళ్లని బతిమాలాలి, హెచ్‌ఓడీ సంతకం కోసం వరండాలో పడిగాపులు కాయాలి, ఆదివారం పొద్దున్నే జూనియర్లని మంచాల మీంచి లేపుకు రావాలి. తల ప్రాణం తోకకొస్తుంది. ఈ ఏడు ఆ తాళం చెవి సింధూరి చేతికొచ్చింది. నిజం చెప్పాలంటే తనే అడిగి మరీ తీసుకుంది. తన మాట పదిమంది వినాలని ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ ఉంది.

సొసైటీకి ఒక ఆచారం ఉంది. పాతకాలపు సీనియర్లెవరో పెట్టారు. ఇల్లు కూలిపోయాక కొలతలో తప్పు బయటపడితే అంకె మార్చకూడదు. సరిచూసుకోవడానికి ఇల్లే లేనప్పుడు మార్చిన అంకెని ఎవరు నమ్ముతారు? అందుకని షీటు మూల ఒక చిన్న గడి గీస్తారు. అదే గల్తీ ఖానా. ఏ గది, ఎంత తేడా, ఎవరి తప్పు అన్నది అందులో రాయాలి. తప్పు చేసినవాళ్లే స్వయంగా తమ చేత్తో రాయాలి. సిగ్గు పడాల్సిందేమీ లేదంటారు, పడనివాళ్లు మాత్రం లేరు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అందులో పేరు పడనిది నాగరాజు ఒక్కడిదే. "చేపలోళ్ల పిల్లడివి, ఇంత కచ్చితం ఎక్కణ్నుంచి వచ్చిందిరా?" అని ఎవరైనా వేళాకోళం చేస్తే, "వల కన్ను ఒక్కటి తేడా వస్తే మా అయ్య ఊరుకుంటాడేటి?" అనేవాడు.

ఇక టేపు సంగతి. సొసైటీకి ఉన్నది ఒకే ఒక్క పొడుగు టేపు. అయిదు బ్యాచుల కిందట ఎవరో దాన్ని తలుపు సందులో ఇరికించి తెంపేశారు. మొదటి పది సెంటీమీటర్లు పోయాయి. కొత్తదానికి పెట్టిన అర్జీ ఇంకా ఏ ఓడలోనో వస్తూనే ఉంది. అంచేత సొసైటీలో చేరిన ప్రతివాడికీ మొదటి పాఠం "దస్ కాటో". తెగిన కొసని గోడకి ఆనించు, అవతలి కొస దగ్గర అంకె చదువు, అందులోంచి పది తీసెయ్. నాలుగేళ్లు చేస్తే అది నిద్రలో కూడా వచ్చేస్తుంది.

జనవరిలో హాడోలో భారతీదేవి టీచరుగారి చెక్క ఇల్లు కొలిచారు. రిటైరైన టీచరు, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి. మరుసటి నెలలో ఇల్లు కూల్చేస్తారని అప్పటికే ఖాయమైంది. మొదటి ఆదివారం బయటి గోడలన్నీ అయ్యాయి. సాయంత్రం సింధూరి టేపుని ఆస్టినాబాద్‌లో తమ ఇంటికి పట్టుకెళ్లింది. వాళ్ల నాన్న భాస్కరరావు రేవు వర్క్‌షాపులో ఫిట్టరు. విరిగిన వస్తువు ఆయన కంట పడితే చాలు, చేతులు ఊరుకోవు.

"ఇదేం టేపే, తల లేకుండా?" అని, అల్యూమినియం పట్టీ ఒకటి సరిగ్గా పది సెంటీమీటర్లకి కోసి, ఆకురాయితో గీతలు పెట్టి, రెండు చిన్న రివిట్లతో తెగిన చోట బిగించాడు. కొసకి వేలు పట్టే రింగు కూడా తగిలించాడు. "ఇంక సున్నా నుంచే మొదలు. మీ తీసివేతల బాధ వదిలింది."

ఆ రింగు వేలికి తొడుక్కుని సింధూరి ఎంత మురిసిపోయిందో! రెండో ఆదివారం పొద్దున టీచరుగారి వరండాలో అందరికీ చూపించింది. "ఇవాళ్టి నుంచి నో దస్ కాటో" అంది. జూనియర్లు చప్పట్లు కొట్టారు. నాగరాజు అప్పటికి రాలేదు. ఆ రోజు వాళ్ల అయ్య లక్ష్ముడి డింగీ ఆలస్యంగా ఒడ్డుకొచ్చింది. చేపల బుట్టలు వేలంపాట దగ్గరికి చేర్చి, తడి ప్యాంటుతోనే గంట లేటుగా వచ్చాడు. వచ్చీ రాగానే సింధూరి నోట్‌బుక్కు చేతిలో పెట్టి "మూడో గది మిగిలింది, పద" అంది.

గది నిండా సామాను. నడుమ బీరువా. ఇవతల సింధూరి రింగు పట్టుకుని సున్నాని గోడకి ఆనించింది. అవతల, బీరువా వెనక, నాగరాజు టేపు చుట్టిన చక్రం పట్టుకుని అంకె చదివాడు. అతని వైపు ఏమీ మారలేదు, ఎప్పటి టేపే. టేపు బాగైందని చెప్పాలని సింధూరికి నోటి దాకా వచ్చింది. ఇంతలో టీచరుగారు పకోడీలు చల్లారిపోతున్నాయని కేకేశారు. మాట అలాగే ఉండిపోయింది. నాగరాజు ఎప్పట్లాగే పది తీసేసి మూడు మీటర్ల పదిహేను అని రాసుకున్నాడు.

ఫిబ్రవరిలో ఇల్లు కూలింది. మేలో స్టూడియోలో బొమ్మ గీస్తుంటే లెక్క కుదరలేదు. వెనక గోడ పొడవు ఒకటి, లోపలి మూడు గదులూ కలిపితే ఇంకొకటి. పది సెంటీమీటర్లు తక్కువ. తొమ్మిదిమంది జూనియర్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు. సింధూరి నోట్‌బుక్కు తిప్పింది. మూడో గది నాగరాజు రాత.

"రెండో ఆదివారం పది తియ్యక్కర్లేదు కదా. తీశావా?"

"తీసినాను. ఎపుడూ తీస్తాం కదేటి?"

"టేపు బాగుచేయించానని చెప్పాను కదా!"

నాగరాజు తలెత్తాడు. "నాకెపుడు సెప్పినావు?"

"మాకైతే చెప్పింది భయ్యా" అంది వాసవి అనే రెండో ఏడు పిల్ల, ఏ దురుద్దేశమూ లేకుండానే.

అక్కడ సింధూరి ఆగి, ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది. నీకు చెప్పడం మరిచిపోయాను అంటే అయిపోయేది. ఆ నాలుగు ముక్కలకి నోరు అరిగిపోదు. కానీ తొమ్మిది జతల కళ్లు తననే చూస్తున్నాయి. తను సెక్రటరీ.

"నీకూ చెప్పాను. గది గుమ్మంలోనే చెప్పాను. నీ ధ్యాసంతా చేపల మీదుంటే నేనేం చేసేది?"

నాగరాజు ఆమెని కాసేపు అలాగే చూశాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "సెప్పే ఉంటావులే" అన్నాడు. పెన్ను తీసుకుని, వంగి, గల్తీ ఖానాలో ఇంగ్లీషు పెద్దక్షరాలతో రాశాడు. మూడో గది, వెడల్పు పది సెంటీమీటర్లు తక్కువ, తప్పు నాగరాజుది.

రేపు చెప్పేద్దాం అనుకుంది సింధూరి. రేపు మార్కులేసే జ్యూరీ. ఎల్లుండి ఇంకేదో. తరవాత పరీక్షలు, ఆ తరవాత సెలవులు. చెప్పకూడదనుకున్న మాటకి సాకులు వాటంతటవే దొరుకుతాయి.

జూన్ మొదటి వానలకి నాగరాజుకి జ్వరం తగిలింది. ఎలుక జ్వరం అన్నారు. నాలుగో రోజున సింధూరి ఆసుపత్రికి వెళ్లింది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి, పెదాలు ఎండిపోయాయి. పక్కనే తవిటమ్మ తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది. "అమ్మా, నువ్వు బయటికెళ్లి సాయ్ తాగిరా" అన్నాడు నాగరాజు. ఆమె వెళ్లాక, "షీట్లకి సిరా ఎయ్యడం అయిపోయినాదా?" అని అడిగాడు.

"అయిపోయింది."

"నాలుగోది కూడానా?"

"ఆఁ" అంది సింధూరి. కిటికీ బయట వాన పడుతోంది. అతను ఎదురు చూస్తున్నట్టు ఊరుకున్నాడు. ఆమె చేతివాచీ చూసుకుని, వాన పెరగకముందే వెళ్తానని లేచింది. మూడోనాడు నాగరాజు పోయాడు.

అదీ జరిగింది. ఇప్పుడు తవిటమ్మ వస్తోంది.

సార్ ఆ మాట చెప్పిన మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక సింధూరి నాలుగో షీటు బల్ల మీద పరిచింది. ట్రేసింగ్ షీటు మీద సిరాని బ్లేడుతో నెమ్మదిగా గీకితే లేచిపోతుంది. అనుమానం కూడా రాదు. పేరు చెరిపేసి తన పేరు రాసేస్తే పీడా విరగడౌతుంది. ఇది మంచి పనే కదా, ఇన్నాళ్లకి నిజమే రాస్తున్నాను కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మొదటి అక్షరం మీద బ్లేడు ఆనించింది. రవ్వంత నలుపు లేచింది. అప్పుడు కళ్లు మిగతా అక్షరాల మీద పడ్డాయి. జె అక్షరాన్ని అతను గాలంలా వంచి రాసేవాడు. ఎవరు చెప్పినా మార్చుకునేవాడు కాదు. ఆ గాలం అక్కడే ఉంది, నిన్న రాసినంత నల్లగా. ఆ మనిషి చేతుల్లోంచి వచ్చింది ఇంకేం మిగిలిందని దీన్ని కూడా గీకెయ్యడం? సింధూరి బ్లేడు పడేసి, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చిందే గానీ పెన్ను తియ్యలేదు. కళ్లు తుడుచుకుని, ఆ షీటుని గోడ చివర, తలుపు రెక్క తెరిస్తే చాటైపోయే చోట తగిలించింది.

ప్రదర్శన రోజు స్టూడియో కళకళలాడింది. భారతీదేవి టీచరుగారు మొదటి షీటు ముందే ఆగిపోయి, తన వంటింటి కిటికీ కనబడిందని పసిపిల్లలా ఏడ్చారు. సింధూరి నవ్వుతోంది, టీలు అందిస్తోంది, కళ్లు మాత్రం గుమ్మం మీదే ఉన్నాయి.

తవిటమ్మ పదకొండింటికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. లక్ష్ముడు సముద్రం మీదున్నాడట. గుడికొచ్చినట్టు చెప్పులు బయట విడిచింది. గోపినాథ్ సార్ ఎదురెళ్లి ఇది పెరడు, ఇది మేడమెట్లు అని వివరించబోయారు. ఆమె బొమ్మల్ని చూడలేదు. ప్రతి షీటుకీ అడుగున మూల మాత్రమే వెతుక్కుంటూ నడిచింది. గోడ చివరికొచ్చాక తలుపు రెక్కని తనే పక్కకి లాగింది.

"ఇదిగో" అని జె అక్షరం మీద వేలు పెట్టింది. "మా డింగీ మీద పేరు ఆడే రాసినాడు. ఇదే వొంకర." కాసేపు ఆ వేలు తియ్యలేదు. తరవాత సింధూరి వైపు తిరిగింది. "ఏటి రాసుంది పాపా ఇక్కడ?"

"ఈ గది కొలిచింది నాగరాజు అని, ఆంటీ."

"అంతేనా?"

"అంతే."

"ఇంత పొడుగు రాసుంటే అంతేనేటి?" తవిటమ్మ వేలు మొదటి అక్షరం మీదికి జరిగింది. "మరిక్కడ గీకినారేటి?"

వాసవి చూస్తోంది, సార్ చూస్తున్నారు. మేలో ఉన్నట్టే, అవే కళ్లు. ఈసారి మాత్రం సింధూరి నోరు దానంతటదే తెరుచుకుంది.

"తప్పు నాగరాజుది అని రాసుంది ఆంటీ. తప్పు అతనిది కాదు. నాది. టేపు బాగుచేయించానని అందరికీ చెప్పాను, అతనికి చెప్పలేదు. మరిచిపోయాను. అందరి ముందూ అతనికి చెప్పానని అబద్ధమాడాను. చేపల మీద ధ్యాస అన్నాను. అతను ఎదురు మాట్లాడకుండా రాసేశాడు. నిన్న నేనే గీకబోయాను. చేతకాలేదు."

గోపినాథ్ సార్ కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. తవిటమ్మ మొహంలో ఆశ్చర్యమన్నది లేదు.

"నాకు తెల్సు" అంది.

సింధూరి తలెత్తింది.

"ఆ దినం ఇంటికొచ్చి కూడు ముట్టలేదు. ఏట్రా అంటే, 'ఆ పిల్ల నాకు సెప్పడం మర్సిపోయినాదమ్మా, పిల్లల ముందర ఒప్పుకోలేకపోయినాది, రేపో మాపో అదే వొచ్చి సెప్తాదిలే' అన్నాడు. దినాము కాలేజీకెల్లి వొస్తాడు, సెప్పినాదేట్రా అంటాను, లేదమ్మా అంటాడు. ఆసుపత్రిలో నువ్వొచ్చినపుడు నన్ను సాయ్ తాగి రమ్మన్నాడు. ఎందుకనుకున్నావు? నాకు సాయ్ అలవాటే లేదు. నానొచ్చేసరికి నువ్వు లేవు. 'సెప్పినాదేట్రా' అన్నాను. 'వానొచ్చేత్తందని ఎలిపోయినాదమ్మా' అన్నాడు." పైట కొంగుతో మొహం తుడుచుకుంది. "సారు పిలిస్తే బొమ్మలు సూద్దారని రాలేదు నాను. అది ఇంకా అలగే ఉందా, తీసేసినారా, అది సూద్దారని వొచ్చినాను."

సింధూరి గోడకి చేరగిలబడింది. ఆ వాన, ఆ కిటికీ, అతను ఊరుకున్న ఆ నిమిషం. అతను గది ఖాళీ చేయించి మరీ ఇచ్చిన నిమిషం అది. తను వాచీ చూసుకుంది.

"గీకేస్తాను ఆంటీ. ఇప్పుడే గీకేసి నా పేరు రాస్తాను."

"వొద్దు." తవిటమ్మ గొంతు గట్టిపడింది. "ఆడి సేతి అచ్చరం మీద మల్లీ సెయ్యి ఎయ్యకు. అలగే ఉండనీ. దాని కింద నీది రాయి."

వాసవి పరుగున వెళ్లి పెన్ను తెచ్చింది. సింధూరి మోకాళ్ల మీద కూర్చుంది. గల్తీ ఖానాలో ఇంక జాగా లేదు. గీత దాటి, గడి బయట రాయాల్సి వచ్చింది. పై వాక్యంలో ఉన్న తప్పు నాగరాజుది కాదు. టేపు బాగైన సంగతి అతనికి చెప్పలేదు. చెప్పానని అబద్ధమాడాను. సింధూరి, సెక్రటరీ. అక్షరాలు ఎగుడుదిగుడుగా పడ్డాయి. సిరా ఒకచోట మరక కూడా అయింది.

"సదువు" అంది తవిటమ్మ.

సింధూరి చదివింది. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెప్పింది.

తవిటమ్మ ఓదార్చలేదు, తిట్టలేదు, దగ్గరికి కూడా రాలేదు. తలుపు రెక్కని ఒక చేత్తో పట్టుకుని, గుమ్మం బయటి మెట్ల వైపు చూస్తూ నిలబడింది.

"ఇంకోపాలి సదువు" అంది. "కూసింత గట్టిగా. మా వోడు ఎపుడూ లేటుగానే వొస్తాడు."

సింధూరి మళ్లీ మొదటి నుంచి, మెట్ల దాకా వినబడేట్టు, చదివింది.